బయో ఇంధనాన్ని ఓడలో పరీక్షించేటప్పుడు ఏం కొలవాలి, దేనితో పోల్చాలి?

ప్రశ్న: సెకండ్ ఇంజనీరు

అందరికీ నమస్కారం. నేను ఒక బల్క్ క్యారియర్‌లో సెకండ్ ఇంజనీరును. మా ఓడకు ఒక టూ స్ట్రోక్ మెయిన్ ఇంజను, 720 ఆర్‌పీఎంతో తిరిగే మూడు జనరేటర్లు ఉన్నాయి. ఇంతవరకు గంధకం 0.50 శాతానికి మించని ఇంధన తైలంతోనూ, 0.10 శాతం పరిమితి ఉన్న ఉద్గార నియంత్రణ ప్రాంతాల్లో గ్యాసాయిల్‌తోనూ నడుపుతూ వచ్చాం. రాబోయే డ్రైడాక్ (ఓడను నీటి నుంచి బయటకు తీసి చేసే మరమ్మతు) పూర్తికాగానే ఆరు నెలల పాటు 30 శాతం బయోడీజిల్ కలిసిన ఇంధనాన్ని, అది సజావుగా సాగితే ఆపైన 50 శాతం కలిసిన ఇంధనాన్ని వాడి చూడాలని యాజమాన్యం నిర్ణయించింది. ఈ పరీక్షను ఎలా జరపాలో ముసాయిదా రాసే పనిని చీఫ్ గారు నాకు అప్పగించారు.

కార్యాలయం నుంచి వచ్చిన నమూనా రెండు పేజీలకు మించి లేదు. రోజూ మధ్యాహ్నం పంపే నూన్ రిపోర్టులో ఇంధన వినియోగం రాయాలి, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతలు రాయాలి, ఆరు నెలల్లో ఒకసారి చేతిలో పట్టే గ్యాస్ ఎనలైజరును ఫన్నెల్‌లో (పొగగొట్టంలో) పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఎంత తగ్గిందో చూడాలి. డ్రైడాక్‌కు ముందున్న ఆరు నెలల నూన్ రిపోర్టులతో వీటిని పోల్చి, వచ్చిన తేడాను పర్యావరణ ప్రయోజనంగా ప్రకటిస్తారట. ఇది నాకు మింగుడు పడటం లేదు. ఎదురుగాలి ఒక పూట గట్టిగా వీస్తేనే ఇంధన వినియోగం పది శాతం మారిపోయే చోట, రెండు మూడు శాతం తేడాను నూన్ రిపోర్టులో పట్టుకోవడం సాధ్యమేనా?

రెండో సందేహం నత్రజని ఆక్సైడ్ల గురించి. మా జనరేటర్లు టైర్ 2 (ఆ ఆక్సైడ్ల పరిమితుల్లో రెండో అంచె) సర్టిఫికెట్ ఉన్నవి. ఇంధనం మారితే ఆ సర్టిఫికెట్ చెల్లుతుందా, మళ్లీ కొలిచి చూపించాలా అన్న విషయంలో మా ఓడలోనే ముగ్గురం మూడు మాటలు చెబుతున్నాం.

మూడోది అనుభవం నేర్పిన భయం. నేను ఇంతకు ముందు పనిచేసిన ఓడలో 20 శాతం బయోడీజిల్ ఉన్న ఇంధనం తీసుకున్న నాలుగో రోజున చలి ప్రాంతంలోకి వెళ్లాం. ఆటో ఫిల్టర్ గంటకోసారి తనను తాను కడుక్కోవడం మొదలుపెట్టింది. తెరిచి చూస్తే మెష్ (జాలి) నిండా మైనంలాంటి బూడిదరంగు పూత ఉంది. అది ఇంధనం తప్పా, ట్యాంకులో పాత మడ్డి తప్పా అన్నది చివరిదాకా తేలలేదు, ఎందుకంటే ఇంధనం ఎక్కించిన రోజున మేం దాచుకున్న నమూనా ఒకటే, అది కూడా సీలు వేసినది. ఈసారి అలా జరగకుండా ముందే ఏయే ఏర్పాట్లు చేసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.


సమాధానం: పాత చీఫ్

మీ అనుమానం సరైనదే. పైగా మీరు రాసిన దాంట్లోనే అసలు పొరపాటు ఒకటి దాగి ఉంది, దాన్ని ముందు చెబుతాను. డ్రైడాక్‌లో ఓడ అడుగుభాగాన్ని గీకి, కొత్త పెయింటు వేసి, ప్రొపెల్లరును పాలిష్ చేసి పంపిస్తారు. ఆ వెంటనే కొత్త ఇంధనం మొదలుపెట్టి, నాచూ గుల్లలూ పట్టి ఉన్న పాత ఆరు నెలలతో పోలిస్తే, ఏ ఇంధనం పోసినా వినియోగం తగ్గినట్టే కనిపిస్తుంది. శుభ్రమైన అడుగుభాగం సంపాదించిన పేరు బయోడీజిల్ ఖాతాలోకి వెళ్తుంది. ఎవరూ అబద్ధం చెప్పకుండానే తప్పుడు అంకె తయారయ్యే పద్ధతి ఇది.

కాబట్టి మెయిన్ ఇంజనును పరీక్షలో వాడండి కానీ, తీర్పు మాత్రం జనరేటర్ల దగ్గర చెప్పండి. జనరేటరుకు సముద్రం సంగతి తెలియదు. స్విచ్‌బోర్డు మీద ఎన్ని కిలోవాట్లు కావాలంటే అన్ని పెట్టి, అరగంట నిలకడగా ఉంచి కొలవవచ్చు. మూడింటిలో ఒకదాన్ని పరీక్ష జరిగినన్నాళ్లూ గ్యాసాయిల్ లైను మీదే ఉంచండి. దాని ఇంధనం మారదు కనుక దాని అంకెల్లో మార్పు వస్తే అది గాలి ఉష్ణోగ్రతదో, తేమదో, మీటరుదో అని తెలిసిపోతుంది. రెండోదాన్ని ముందు పాత ఇంధనంతో, తరువాత మిశ్రమంతో అవే లోడుల వద్ద నడపండి. డ్రైడాక్‌కు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పాత ఇంధనంతోనే కొలిచి ఆధార అంకెలు సిద్ధం చేసుకున్నాకే కొత్త ఇంధనం సర్వీస్ ట్యాంకులోకి రావాలి. ఆధార అంకెలు లేకుండా కొత్త ఇంధనం ఎక్కించుకుంటే వెనక్కి వెళ్లి కొలవడం ఎవరి తరమూ కాదు.

ఇక వినియోగం లెక్క. మేము ఒక ఓడలో ఇలాంటి పరీక్షే చేసినప్పుడు మొదటి వారంలో వినియోగం 5 శాతం పెరిగినట్టు వచ్చింది. కొత్త ఇంధనం పనికిరాదని కార్యాలయానికి రాయబోయాం. రాసేముందు మా ఎలక్ట్రికల్ ఆఫీసరు ఫ్లో మీటరు దగ్గరకు వెళ్లి చూసి, అది బరువును కాదు, ఘనపరిమాణాన్ని కొలుస్తోందనీ, దాన్ని బరువుగా మార్చే లెక్కలో పాత తైలం సాంద్రత 0.94 అలాగే ఉండిపోయిందనీ కనిపెట్టాడు. మిశ్రమం సాంద్రత 0.92 దరిదాపులో ఉంది. ఆ ఒక్కదాని వల్లే 2 శాతం ఎక్కువ చూపిస్తోంది. మిగిలిన 3 శాతం కెలోరిఫిక్ విలువది (ఇంధనం కాలితే వచ్చే శక్తిది). పాత తైలం కిలోకు 41 మెగాజౌళ్లు ఇస్తే బయోడీజిల్ సుమారు 37.2 మాత్రమే ఇస్తుంది. 70, 30 పాళ్లలో కలిపితే 39.9 దగ్గర తేలుతుంది. అంటే అదే పనికి దాదాపు 2.9 శాతం ఎక్కువ బరువు కాల్చక తప్పదు. ఈ రెండూ తీసేశాక ఇంజను సామర్థ్యంలో చెప్పుకోదగ్గ మార్పు ఏదీ మిగల్లేదు. కాబట్టి నివేదికలో కిలోవాట్ గంటకు ఎన్ని గ్రాములు అన్నది ఒక్కటే రాస్తే చాలదు, ఎన్ని మెగాజౌళ్లు అన్నది పక్కనే ఉండాలి. వీలైతే బరువును నేరుగా కొలిచే మాస్ ఫ్లో మీటరు పెట్టించండి.

మీ ఫిల్టరు కథ విన్నాక నాకు అనిపించింది ఇదీ. బయోడీజిల్‌కు కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు అంటుకున్న మడ్డిని అది కదిలిస్తుంది, ఆ మడ్డి మొదటి కొన్ని రోజుల్లో ఫిల్టరుకు చేరుతుంది. చలిలో గడ్డకట్టే మైనం వేరు. రెంటినీ విడదీయడం తేలికే: మెష్ మీద పూతను కొద్దిగా తీసి వేడి చేసి చూడండి. కరిగి నూనెలా అయిపోతే అది మైనం, నల్లగా అలాగే మిగిలితే ట్యాంకు మడ్డి. డ్రైడాక్‌లోనే ఒక స్టోరేజి ట్యాంకునూ, ఒక సర్వీస్ ట్యాంకునూ పూర్తిగా కడిగించి, వాటిని పరీక్ష ఇంధనానికే కేటాయించండి. ట్యాంకు అడుగు నుంచి నీటిని రోజూ వదలండి. బయోడీజిల్ నీటిని ఎక్కువగా పట్టుకుంటుంది, నీరు నిలిచిన చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, అవి పెరిగితే ఫిల్టరు మీద జిగురు కనిపిస్తుంది. పాత రబ్బరు సీళ్లను కూడా ఒకసారి చూడండి. నైట్రైల్ రబ్బరుతో చేసినవి ఉబ్బి కారడం మొదలుపెడితే ఫ్యూయల్ పంపు దగ్గర ఆ చుక్కలు ముందు కనిపిస్తాయి.

ఇంకొక సంగతి. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతల కంటే సిలిండర్ ప్రెషర్ డయాగ్రాములు ఎక్కువ మాట్లాడతాయి. గరిష్ఠ పీడనం ఎంత, దహనం ఎప్పుడు మొదలైంది అన్నవి ప్రతి లోడు దగ్గరా తీసుకోండి.


సమాధానం: తైల ప్రయోగశాల

నేను ఓడల ఇంధన నమూనాలను పరీక్షించే ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్తను. చీఫ్ గారు ఇంజను వైపు చెప్పారు కాబట్టి నేను సీసా వైపు చెబుతాను.

ముందు నమూనాల సంగతి. మార్పోల్ (ఓడల కాలుష్య నివారణ ఒప్పందం) నియమాల ప్రకారం ఇంధనం ఎక్కించేటప్పుడు ఓడ మానిఫోల్డు (ఇంధనం ఓడలోకి వచ్చే గొట్టాల ముఖం) దగ్గర, మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా నిరంతరంగా పడే ధార నుంచి తీసిన నమూనా 400 మిల్లీలీటర్లకు తగ్గకుండా సీలు వేసి దాచాలి. ఆ ఇంధనం చాలావరకు అయిపోయేదాకా, ఏమైనా 12 నెలలకు తగ్గకుండా ఉంచాలి. బంకర్ డెలివరీ నోటును (ఇంధనం అందిన రసీదును) మూడేళ్లు ఉంచాలి. ఈ సీసా తనిఖీ అధికారుల కోసం ఉన్నది, మీ సందేహాల కోసం కాదు. మీకోసం అదే ధార నుంచి మరో మూడు నాలుగు సీసాలు నింపుకోండి. ఆ తరువాత సర్వీస్ ట్యాంకు నుంచీ, ప్యూరిఫయరు (ఇంధనాన్ని శుద్ధి చేసే యంత్రం) ముందు, వెనుక నుంచీ నెలకోసారి తీయండి. బయోడీజిల్ నిల్వలో మారుతుంది. ఎక్కించిన రోజున బాగున్నది నాలుగో నెలలో అలాగే ఉందని చెప్పలేం. మీ పరీక్షలో కనుక్కోవలసిన అసలు విషయాల్లో అది ఒకటని నా అభిప్రాయం. చాలామంది ఇంజను మీద దృష్టి పెట్టి ట్యాంకును మరిచిపోతారు.

ఏం చూడాలి అంటే, ఐఎస్ఓ 8217 ప్రమాణం 2017 కూర్పులో బయోడీజిల్‌ను ప్రత్యేక డిస్టిలేట్ తరగతుల్లో 7 శాతం వరకే అనుమతించారు. 2024 కూర్పులో నూరు శాతం దాకా చోటు ఇచ్చారు. మీ కొనుగోలు ఒప్పందంలో ఏ సంవత్సరపు కూర్పు రాసి ఉందో చూసుకోండి, పాత కూర్పు పేరుతో 30 శాతం మిశ్రమం కొంటే రేపు గొడవ వచ్చినప్పుడు నిలబడటానికి మీ కాలి కింద నేల ఉండదు. కలిపే బయోడీజిల్ ఈఎన్ 14214 ప్రమాణానికి గానీ, ఏఎస్టీఎం డీ6751 ప్రమాణానికి గానీ సరిపోయినట్టు పత్రం అడగండి. రెండింటిలోనూ ఆమ్ల సంఖ్య పరిమితి గ్రాముకు 0.50 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్. ఆక్సీకరణ స్థిరత్వంలో మాత్రం తేడా ఉంది. ఐరోపా ప్రమాణం 110 డిగ్రీల వద్ద 8 గంటలు తట్టుకోవాలంటుంది, అమెరికా ప్రమాణం 3 గంటలు చాలంటుంది. ఆరు నెలలు ట్యాంకులో ఉంచదలిచినవారికి ఈ తేడా చిన్నది కాదు.

చలి గురించి. బయోడీజిల్ అన్నది ఒకే పదార్థం కాదు, ఏ కొవ్వు నుంచి తయారైందో ఆ గుణం దానికి అంటుకుంటుంది. ఆవనూనె జాతికి చెందిన రేప్‌సీడ్ నూనె నుంచి చేసినది సున్నా డిగ్రీల కిందికి వెళ్లాక గానీ మసకబారదు. పామాయిల్ నుంచి చేసినది 15 డిగ్రీల దరిదాపుల్లోనే మసకబారడం మొదలుపెడుతుంది. వాడేసిన వంటనూనె నుంచి చేసినదైతే, ఆ వంటనూనె ఏదైతే అది. అందుకని క్లౌడ్ పాయింటునూ (ఇంధనం మసకబారే ఉష్ణోగ్రతను), కోల్డ్ ఫిల్టర్ ప్లగింగ్ పాయింటునూ (చలికి ఫిల్టరు మూసుకుపోయే ఉష్ణోగ్రతను) కొనుగోలు సమయంలోనే అడిగి తెలుసుకుని, మీరు వెళ్లబోయే సముద్రాల ఉష్ణోగ్రతతో పోల్చుకోండి. మీ పాత ఓడలో జరిగినది నూటికి ఎనభై పాళ్లు ఇదే అయి ఉంటుంది.

బయో అనే పేరు ఉన్నంత మాత్రాన అన్నీ బయోడీజిల్ కావు. జీడిగింజ పెంకు నుంచి తీసిన నూనెను కొన్నిచోట్ల చవగ్గా ఓడల ఇంధనంలో కలుపుతున్నారు. జీడిపెంకు నూనె చేతికి తగిలితే చర్మం పొక్కుతుందని తెలిసినవారికి దాని స్వభావం వేరే చెప్పనక్కరలేదు. అందులో ఉన్నవి కొవ్వు ఎస్టర్లు కావు, ఫినాల్ జాతి పదార్థాలు. అవి వేడికి గట్టిపడి ఇంజెక్టర్ల మీద పేరుకుంటాయి. ఇలాంటి మిశ్రమాలు వాడిన ఓడల్లో ఫ్యూయల్ పంపులు పట్టేసిన ఉదంతాలు ఉన్నాయి. మామూలు పరీక్షల్లో ఇది బయటపడదు, గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిపి చేసే పరీక్ష కావాలి. పరీక్ష కాలంలో ఎక్కించే ప్రతి విడతకూ ఇది చేయించండి. ఖర్చు ఎక్కువే, అయినా ఒక పంపు ప్లంజరు కంటే తక్కువ.


సెకండ్ ఇంజనీరు

చీఫ్ గారికీ, ప్రయోగశాల వారికీ కృతజ్ఞతలు. డ్రైడాక్ సంగతి ఇంత సూటిగా నాకు తట్టలేదు, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

ఒక ప్రశ్న మిగిలింది. కార్యాలయం వారు ఫన్నెల్‌లో కార్బన్ డయాక్సైడ్ కొలవడం దగ్గరే పట్టుబట్టి ఉన్నారు. 30 శాతం బయోడీజిల్ కలిపాం కాబట్టి ఎనలైజరులో 30 శాతం తగ్గి కనిపించాలి కదా అంటున్నారు. నత్రజని ఆక్సైడ్ల నిబంధన మీద కూడా ఎవరైనా స్పష్టత ఇస్తే బాగుంటుంది.


సమాధానం: ఉద్గారాల సర్వేయరు

కార్యాలయం వారికి ఈ చిన్న లెక్క చూపించండి. బయోడీజిల్ బరువులో కార్బన్ సుమారు 77 శాతం. కిలో కాలిస్తే 2.82 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని 37.2 మెగాజౌళ్లతో భాగిస్తే మెగాజౌల్‌కు 76 గ్రాములు. గ్యాసాయిల్ కిలోకు 3.206 కిలోలు ఇస్తుంది, 42.7తో భాగిస్తే 75 గ్రాములు. అంటే ఫన్నెల్ దగ్గర నిలబడి చూస్తే రెంటికీ తేడా లేదు, ఉంటే గింటే బయోడీజిల్‌దే ఒక గ్రాము ఎక్కువ. పైగా ఎనలైజరు చూపించేది వాయువులో కార్బన్ డయాక్సైడ్ ఎంత శాతం ఉందన్నదే కానీ ఎంత బరువు వెలువడిందన్నది కాదు. టర్బోచార్జరు కాస్త ఎక్కువ గాలి పంపితే ఆ శాతం పడిపోతుంది, పర్యావరణానికి ఒరిగేది మాత్రం ఏమీ ఉండదు.

తగ్గుదల ఎక్కడ ఉందంటే, ఆ కార్బన్‌ను మొక్క నిన్న మొన్న గాలి నుంచి తీసుకున్నదే అన్న లెక్కలో ఉంది. అది ఓడలో కొలవగలిగినది కాదు. ముడిసరుకు ఎక్కడిది, పండించడానికీ, తయారీకీ, రవాణాకూ ఎంత ఉద్గారం అయింది అన్నవి చూసి ఇచ్చే సుస్థిరత సర్టిఫికెట్ మీద అది ఆధారపడుతుంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో ఇచ్చిన తాత్కాలిక మార్గదర్శకం ప్రకారం, ఓడ కార్బన్ తీవ్రత రేటింగులో బయో ఇంధనానికి తగ్గింపు దక్కాలంటే, ఉత్పత్తి నుంచి దహనం దాకా మొత్తం ఉద్గారాలు మెగాజౌల్‌కు 94 గ్రాములు అనే ప్రమాణం కంటే కనీసం 65 శాతం తక్కువగా, అంటే 33 గ్రాములకు మించకుండా ఉన్నట్టు గుర్తింపు పొందిన పథకం కింద ధ్రువీకరణ ఉండాలి. ఆ కాగితం లేకపోతే మీరు ఎంత స్వచ్ఛమైన నూనె కాల్చినా లెక్కల్లో అది పెట్రోలియం తైలమే.

మీ మిశ్రమానికి అన్వయించి చూద్దాం. సర్టిఫికెట్‌లో 15 గ్రాములు ఉందనుకోండి. చీఫ్ గారి అంకెల ప్రకారం బరువులో 30 శాతం ఉన్న బయోడీజిల్ శక్తిలో 28 శాతమే. పాత తైలం మెగాజౌల్‌కు సుమారు 77 గ్రాములు. 72 పాళ్లు 77తో, 28 పాళ్లు 15తో కలిపితే సగటు 59.6 దగ్గర వస్తుంది. తగ్గుదల 22.5 శాతం, 30 కాదు. సర్టిఫికెట్‌లో 15కు బదులు 30 ఉంటే ఇది 17 శాతానికి దిగిపోతుంది. అంటే మీ పరీక్ష ఫలితంలో అన్నిటికంటే బరువైన అంకె మీరు కొలిచేది కాదు, సరఫరాదారు తెచ్చిచ్చే కాగితం మీదిది. కార్యాలయం వారు ఫన్నెల్ వదిలిపెట్టి ఆ కాగితాన్ని పరిశీలించడానికి ఒక మనిషిని పెట్టడం మేలు.

ఇక నత్రజని ఆక్సైడ్లు. వీటిని మాత్రం ఫన్నెల్ దగ్గరే కొలవాలి. 720 ఆర్‌పీఎం ఇంజనుకు టైర్ 2 పరిమితి కిలోవాట్ గంటకు 9.7 గ్రాములు. మార్పోల్ ఆరవ అనుబంధంలో 18వ నియమం, పెట్రోలియం శుద్ధి ద్వారా కాక ఇతర పద్ధతుల్లో తయారైన ఇంధనాలు ఇంజనును ఆ పరిమితి దాటించకూడదని అంటుంది. పూర్వం ఈ వాక్యం వల్లే ప్రతి బయో పరీక్షకూ కొలతలు అడిగేవారు. 2022లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ వెలువరించిన ఏకరూప వ్యాఖ్యానం దీన్ని సులువు చేసింది. ఘనపరిమాణంలో 30 శాతం వరకు బయో ఇంధనం ఉన్న మిశ్రమాన్ని ఈ విషయంలో పెట్రోలియం ఇంధనంగానే చూస్తారు. 30 దాటితే, నత్రజని ఆక్సైడ్లపై ప్రభావం చూపే విడిభాగాలు గానీ, సెట్టింగులు గానీ టెక్నికల్ ఫైలులో (ఇంజను సర్టిఫికెట్‌కు ఆధారమైన పత్రంలో) ఆమోదించిన హద్దులు దాటకుండా ఇంజను ఆ ఇంధనంతో నడవగలిగితే మళ్లీ కొలవనక్కరలేదు. కాబట్టి 50 శాతం దశకు వెళ్లినప్పుడు ఇంజెక్షన్ టైమింగును ఆ హద్దులు దాటించి మార్చకండి. మారిస్తే కథ వేరు. మీ 30 శాతం బరువులోనా, ఘనపరిమాణంలోనా అన్నది కూడా చూసుకోండి. బయోడీజిల్ తేలిక కనుక బరువులో 30 అంటే ఘనపరిమాణంలో 31 దాటుతుంది, గీత మీద నిలబడినవారికి అది కూడా లెక్కే.

కొత్త సాంకేతికతను నిజంగా ప్రయోగించదలచుకున్నవారికి అదే అనుబంధం 3వ నియమంలో వేరే దారి ఉంది. జెండా దేశం (ఓడ నమోదైన దేశం) ప్రయోగ అనుమతి ఇవ్వవచ్చు. సిలిండర్ ఘనపరిమాణం 30 లీటర్ల లోపు ఉన్న ఇంజనుకు 18 నెలలు, 30 లీటర్లూ ఆపైన ఉంటే 5 ఏళ్లు. మీ జనరేటర్లు మొదటి కోవలోకి, మెయిన్ ఇంజను రెండో కోవలోకి వస్తాయి. మీకు దాని అవసరం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. అయినా జెండా దేశానికీ, క్లాస్ సంస్థకూ (ఓడ ప్రమాణాలను తనిఖీ చేసే సంస్థకూ) ముందుగా ఒక ఉత్తరం రాసి జవాబును ఫైలులో ఉంచుకోండి.

నిబంధన అడగకపోయినా మీరు కొలవండి అని నా సలహా. స్థిర వేగ జనరేటరుకు నిర్దేశించిన లోడు బిందువుల వద్ద తీసుకోండి. గాలిలో తేమను తప్పక నమోదు చేయండి, ఎందుకంటే తేమ పెరిగితే నత్రజని ఆక్సైడ్లు తమంతట తామే తగ్గుతాయి. కిలో పొడిగాలికి 10.71 గ్రాముల తేమ అనే ప్రామాణిక స్థితికి సరిదిద్దాకే రెండు రోజుల అంకెలను పోల్చాలి. వర్షం పడిన రోజు మిశ్రమంతో, ఎండ రోజు పాత తైలంతో కొలిచి, బయోడీజిల్ వల్ల నత్రజని ఆక్సైడ్లు తగ్గాయని రాసిన నివేదిక ఒకటి నా బల్ల మీదికే వచ్చింది.


సమాధానం: మిథనాల్ ఓడ

మా ఓడ రెండు ఇంధనాలతో నడిచే కొత్తది, కాబట్టి ఇక్కడి చర్చకు కాస్త పక్కగా ఉంటాను. అయితే ఫన్నెల్ దగ్గర కార్బన్ లాభం తెలియదన్న సర్వేయరు గారి మాట బయోడీజిల్‌కే వర్తిస్తుంది. మిగతా ఇంధనాల్లో ఫన్నెల్ చాలా చెబుతుంది.

ద్రవీకృత సహజవాయువునే తీసుకోండి. కాల్చితే మెగాజౌల్‌కు 57 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. అయితే మీడియం స్పీడ్ ఒట్టో పద్ధతి (వాయువునూ గాలినీ ముందే కలిపి కాల్చే పద్ధతి) ఇంజన్లలో 3.1 శాతం మీథేను కాలకుండా జారిపోతుందని ఐరోపా సమాఖ్య నిబంధన డిఫాల్టుగా లెక్కిస్తుంది. మీథేనును నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లుగా తీసుకుంటే ఆ జారుడు ఒక్కటే 18 గ్రాములు కలుపుతుంది. మొత్తం 73 దాటి గ్యాసాయిల్ పక్కన వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ కాలని మీథేనును కొలవకుండా చేసిన పరీక్ష పరీక్షే కాదు, అందులోనూ తక్కువ లోడుల వద్ద కొలవాలి, జారుడు పెరిగేది అక్కడే.

అమ్మోనియా ఇంకో రకం. అందులో కార్బన్ అసలు లేదు. 2024 మార్చిలో సింగపూరు రేవులో ఫోర్టెస్క్యూ గ్రీన్ పయనీర్ ఓడలో, అదే ఏడాది ఆగస్టులో జపాన్‌లో సకిగాకే అనే టగ్గులో అమ్మోనియాను ఇంధనంగా వాడి చూశారు. అక్కడ కొలవవలసినవి కాలని అమ్మోనియా, నైట్రస్ ఆక్సైడ్. నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌కు 265 రెట్లు. కిలోవాట్ గంటకు 0.2 గ్రాములు వెలువడితే చాలు, అది 53 గ్రాములకు సమానం, డీజిల్ ఇంజను మొత్తం ఉద్గారంలో పదో వంతు. మామూలు ఎనలైజరు దాన్ని చూడను కూడా చూడదు.

మా మిథనాల్ సంగతి చెప్పాలంటే, స్టెనా జర్మానికా ఫెర్రీని 2015లో దీనికి మార్చినప్పటి నుంచి ఇంజను వైపు సమస్యలు చాలావరకు తెలిసినవే. మా పరీక్షలో మాకు తలనొప్పి తెచ్చినది పైలట్ ఇంధనం. మిథనాల్ తనంతట తాను అంటుకోదు, ప్రతి సిలిండరులో కొద్దిగా డీజిల్ ముందు వెలగాలి. ఎక్కువ లోడులో అది 5 శాతం దగ్గర ఉంటుంది. రేవులోకి వస్తూ లోడు తగ్గినప్పుడు ఇంజను పూర్తిగా డీజిల్‌కు మారిపోతుంది. తయారీదారు దగ్గర చేసే షాప్ టెస్టులో చూపిన 95 శాతం మిథనాల్ వాటా, యాత్ర మొత్తం మీద తీసుకుంటే చాలా కిందికి దిగింది. రెండు ఇంధనాలకు రెండు మీటర్లు పెట్టి గంట గంటకూ రాస్తేనే ఇది బయటపడింది. ఇంకో సంగతి, సహజవాయువు నుంచి తయారైన మిథనాల్‌కు ఉత్పత్తి నుంచి దహనం దాకా లెక్క వేస్తే మెగాజౌల్‌కు 100 గ్రాములు వస్తుంది, ఐరోపా నిబంధన ఆధార ప్రమాణం 91.16 కంటే ఎక్కువ. అక్కడ 2025 నుంచి 2 శాతం, 2030 నుంచి 6 శాతం తగ్గించాలి. ఉద్గారాలను పెంచే ఇంధనంతో ఆ తగ్గుదల ఎక్కడి నుంచి తెస్తాం? కాబట్టి మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాం.


సెకండ్ ఇంజనీరు

ముసాయిదా తిరగరాశాను. నూన్ రిపోర్టులతో పోలిక తీసేశాను. ఒకటో నంబరు జనరేటరు గ్యాసాయిల్ మీదే ఉంటుంది. రెండో నంబరుపై 25, 50, 75 శాతం లోడుల వద్ద పాత ఇంధనంతో డ్రైడాక్‌కు ముందు, తరువాత కొలతలు, ఆపైన మిశ్రమంతో నెలకోసారి కొలతలు. ఫ్లో మీటరు ఇప్పటికే క్యాలిబ్రేషన్‌కు వెళ్లింది. ఫన్నెల్ కార్బన్ డయాక్సైడ్ గడిని తీసి, ఆ చోట సుస్థిరత సర్టిఫికెట్ సంఖ్యా, దాని మీది గ్రాముల అంకే రాసే గడి పెట్టాను. లెక్క చూపించాక కార్యాలయం మారుమాట్లాడలేదు. నత్రజని ఆక్సైడ్ల కొలతలకు మాత్రం ఖర్చు ఎందుకని అడుగుతున్నారు, 50 శాతం దశకైనా ఒప్పిస్తానన్న నమ్మకం ఉంది.


పాత చీఫ్

బాగుంది. ఒక్క మాట. ఒకటో నంబరుకూ, రెండో నంబరుకూ ఓవర్‌హాల్ అయి ఎన్ని గంటలైందో ముసాయిదాలో రాశారా? ఒకదాని ఇంజెక్టర్లు కొత్తవై, రెండోదానివి మూడు వేల గంటలు తిరిగినవైతే, ఆరు నెలల్లో వాటి అరుగుదల ఒకేలా ఉండదు.


సెకండ్ ఇంజనీరు

రాయలేదు. ఇప్పుడే వెళ్లి చూశాను. ఒకటో నంబరు 1,100 గంటలు, రెండో నంబరు 2,900 గంటలు. డ్రైడాక్‌లో రెండింటికీ ఇంజెక్టర్ నాజిళ్లు కలిపి మార్పించి, మూడో నెల చివర రెండు జనరేటర్ల ఇంధనాలనూ ఒకదానికొకటి మార్చి నడుపుతాను.